ఎన్ని కాయలు?

కృపానందం మాస్టారి ఎడమచేతి నాలుగు వేళ్ళకీ కాయలు కాసి ముప్ఫై ఆరేళ్ళయింది. చర్చిలో గిటారు పట్టిన తొలి ఏడాది కాసినవి అవి. అప్పట్లో తీగ నొక్కిన ప్రతిసారీ ప్రాణం జివ్వుమనేది. వేలికొసలు బొబ్బలెక్కి, బొబ్బలు చితికి, మళ్ళీ బొబ్బలెక్కేవి. పోనుపోను చర్మం గట్టిపడింది, పాట మెత్తబడింది. పెళ్ళిచూపుల్లో ఆ చెయ్యి చూసిన అత్తగారు, పిల్లవాడు రాళ్ళు కొట్టే పనిలో ఉన్నాడేమోనని అనుమానపడ్డారట. ఆ వేళ్ళే నా సర్టిఫికెట్లు అని మాస్టారు చెప్పుకునేవారు. నాగావళిపేట ప్రభుత్వ సంగీత కళాశాల వారు కూడా పందొమ్మిదేళ్ళుగా ఆ మాట నమ్మి, ఏటా మార్చి ముప్ఫై ఒకటిన ఆయన కాంట్రాక్టును ఇంకో ఏడాదికి పొడిగిస్తూ వచ్చారు.

అలాంటిది, ఆ ఏడాది జనవరిలో శాఖ వారికి సంగీతం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది.

ప్రేమతో పాటు ఒక యాప్ కూడా పుట్టింది. దాని పేరు ‘స్వరక్రీడ’. దాన్ని ప్రారంభించడానికి డిప్యూటీ డైరెక్టర్ త్రినాథమూర్తి గారు స్వయంగా వచ్చారు. ఆయన అంతకు ముందు ఏడేళ్ళు మత్స్యశాఖలో పనిచేసి, చేపలకు చేయవలసిందంతా చేసి, సంగీతానికి బదిలీ అయిన మనిషి. కళాశాల హాల్లో వీణ వాళ్ళనూ, గాత్రం వాళ్ళనూ, మృదంగం వాళ్ళనూ, గిటారు వాళ్ళనూ కూర్చోబెట్టి మైకు అందుకున్నారు.

“సంగీతం అభ్యసించుటకు మన పూర్వీకులు ఒక్కొక్కరు పన్నెండేసి సంవత్సరములు వెచ్చించి యున్నారు. ఇది మానవ వనరుల దుర్వినియోగం కిందకు వస్తుంది. ఇకమీదట మన విద్యార్థులు ఆడుతూ పాడుతూ నేర్చుకుంటారు. ఇందులో ఆడుట తప్పనిసరి. పాడుట ఐచ్ఛికం.”

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ భ్రమరాంబ గారు కూడా కొట్టారు. ఆవిడ నలభై ఏళ్ళుగా వీణ వాయిస్తున్న మనిషి. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది కాబట్టి ఏ చప్పట్లూ వదులుకునే స్థితిలో లేరు.

ప్రయోగాత్మకంగా ముందు గిటారు శాఖలో మొదలుపెట్టాలని ఆదేశం. ఆట చాలా తేలిక. ఫోను తెర మీద ఒక మామిడిచెట్టు ఉంటుంది. దాని నుంచి నాలుగు వరసల్లో కాయలు రాలుతుంటాయి. ఒక్కో కాయ ఒక్కో స్వరం. కింద పడేలోగా ఎడమచేతి వేళ్ళతో తట్టి పట్టుకోవాలి. పట్టుకున్న కాయలు బుట్టలో పడతాయి. బుట్ట నిండితే పై లెవెలుకి వెళ్తారు. వదిలేస్తే ఒక కోతి వచ్చి పళ్ళికిలించి ఒక ప్రాణం పట్టుకుపోతుంది. మనిషికి ఐదు ప్రాణాలు.

త్రినాథమూర్తి గారు చివర్లో అసలు సంగతి చదివి వినిపించారు. “మార్చి ముప్ఫై ఒకటవ తేదీ నాటికి ఇరవయ్యవ లెవెలు పూర్తి చేయని బోధకుల కాంట్రాక్టు పొడిగింపు పరిశీలించబడదు. సదరు బోధకుని శాఖ యందలి విద్యార్థులను ఇతర శాఖలలో సర్దుబాటు చేయవలెను.”

కృపానందం గారు తన విద్యార్థుల్ని లెక్కపెట్టుకున్నారు. ఆయన దగ్గర పదకొండు మంది నేర్చుకుంటున్నారు. అందరూ పగలంతా పనులు చేసుకుని సాయంత్రం వచ్చేవాళ్ళే. అందులో సుగుణ అనే ఆవిడ బజారులో జాకెట్లు కుడుతుంది. సూదిపోట్లు తిన్న వేళ్ళు కాబట్టి తీగల నొప్పి ఆవిడకో లెక్క కాదు. ఇప్పుడిప్పుడే మొదటి పాట చేతికి వస్తోంది. ఆవిణ్ణి మృదంగంలో సర్దుబాటు చేస్తే ఏమవుతుందో తలుచుకుని మాస్టారు బెంగపెట్టుకున్నారు.

మర్నాడు శిక్షణ. ఫోను బల్ల మీద పెట్టుకుని కృపానందం గారు మొదటి పాఠం తెరిచారు. యాప్‌ను తెలుగులోకి దించే బాధ్యత ఒక ఉన్నతస్థాయి సంఘం తీసుకుంది. అందులో భాషావేత్తలున్నారు, సాంకేతిక నిపుణులున్నారు, ఒక విశ్రాంత తహసీల్దారున్నారు. గిటారు చూసినవాళ్ళు మాత్రం లేనట్టుంది. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లని ఇంగ్లీషులో ఫ్రెట్ అంటారు. సంఘం వారు నిఘంటువు తీసి చూస్తే ఆ మాటకి ‘దిగులు’ అని ఉంది. అదే వేశారు.

“మీ చూపుడు వేలును మొదటి దిగులు మీద ఉంచండి,” అంది ఫోనులోంచి ఒక తియ్యటి ఆడగొంతు. “ఇప్పుడు ఉంగరపు వేలును మూడవ దిగులు వరకు సాగదీయండి. శభాష్!”

మాస్టారికి ఉన్న దిగుళ్ళు లెక్కపెడితే మూడు దాటిపోయే ఉంటాయి. అయినా అర్థం చేసుకుని, రాలుతున్న కాయని తట్టారు. కాయ ఆగలేదు, నేలమీద పడి పగిలింది. ఇంకోటి తట్టారు. అదీ పగిలింది. కోతి వచ్చింది, నవ్వింది, ప్రాణం పట్టుకుపోయింది. మాస్టారు తెర తుడిచి, చెయ్యి తుడిచి, కళ్ళజోడు తుడిచి మళ్ళీ ప్రయత్నించారు. అర నిమిషంలో ఐదు ప్రాణాలూ పోయాయి. “మీరు మరణించారు,” అంది ఆడగొంతు అదే తియ్యదనంతో. “నాలుగు గంటల తర్వాత మళ్ళీ బతకండి.”

పక్కన నిలబడి చూస్తున్న అటెండర్ సింహాచలం వంగి ఆయన చెయ్యి పట్టుకుని చూశాడు. యాభై ఏళ్ళ మనిషి. కళాశాలలో గంట కొట్టేదీ, తాళాలు వేసేదీ, తీసేదీ అతనే.

“తప్పు మీది కాదు మాస్టారూ. మీ యేళ్ళకి కాయలున్నాయి కదా, ఫోనుకి మీరు ముట్టుకున్నట్టే తెలీడం నేదు. మా బామ్మర్ది తాపీ పని సేత్తాడు, ఆడికీ ఇంతే. సెక్క ముక్కతో తట్టినట్టుంటాదంట దానికి.”

నిజమే. ముప్ఫై ఆరేళ్ళ అభ్యాసం ఆ వేళ్ళకొసల్లో ఎంత గట్టిగా పేరుకుపోయిందంటే, సంగీతం నేర్పే యంత్రం వాటిని మనిషి వేళ్ళుగా గుర్తించలేదు. కుడిచేత్తో ప్రయత్నిస్తే ముందున్న కెమెరా పసిగట్టి ‘మోసం’ అని ఎర్ర అక్షరాలు చూపించింది. అప్పుడు మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. ఫోనుకి చెవులు కూడా ఉన్నాయి కదా, వేళ్ళతో పనేముంది, గిటారే వాయించి వినిపిద్దామనుకున్నారు. నాలుగు గంటల తర్వాత మళ్ళీ బతికి, గిటారు ఒళ్ళో పెట్టుకుని, మొదటి పాఠంలోని వరస తప్పు లేకుండా వాయించారు.

“మీ చుట్టుపక్కల చప్పుడు ఎక్కువగా ఉంది,” అంది ఆడగొంతు. “దయచేసి ప్రశాంతమైన చోటుకి వెళ్ళి సంగీతం నేర్చుకోండి.”

ఈలోగా సింహాచలం ఊరికే స్టూలు మీద కూర్చుని ఎందుకని తన ఫోనులో కూడా ఆట దించుకున్నాడు. మెత్తటి వేళ్ళు, చురుకైన కళ్ళు, గంటకీ గంటకీ మధ్య బోలెడంత తీరిక. మొదటి రోజే మూడో లెవెలు, వారం తిరిగేసరికి పద్దెనిమిదో లెవెలు. అతను జన్మలో గిటారు ముట్టుకున్నది దాని మీద దుమ్ము దులపడానికే. అయితేనేం, బుట్టలో పదకొండు వేల కాయలు పడ్డాయి. కళాశాలలో పలకరింపులే మారిపోయాయి. పొద్దున్నే ఎదురుపడితే బాగున్నారా అనడం మానేసి, “ఎన్ని కాయలు?” అని అడగడం మొదలుపెట్టారు. అతన్ని చూసి ఆట దించుకున్న వీణ వాళ్ళు వందల్లో ఉండేవారు, మృదంగం వాళ్ళు వేలల్లో ఉండేవారు. కృపానందం గారిని అడిగితే ఆయన ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని తల దించుకుని వెళ్ళిపోయేవారు. పందొమ్మిదేళ్ళలో ఆ చేతిని ఆయన దాచుకోవడం అదే మొదలు.

ఫిబ్రవరిలో మెమోలు వానలా కురిశాయి. యాప్ చెబుతున్న చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో శాఖ వారు దర్యాప్తు చేయించారు. సంగీత కళాశాలలో సంగీత వాద్యాలున్నట్టు తేలింది. వెంటనే ఉత్తర్వు వచ్చింది.

‘కళాశాల ఆవరణ యందు వీణ, వయొలిన్, మృదంగం, గిటారు మొదలగు శబ్దకారక సామగ్రి వలన సంగీత విద్యకు అంతరాయం కలుగుచున్నట్లు ఈ కార్యాలయం దృష్టికి వచ్చినది. కావున సదరు సామగ్రిని తక్షణమే స్టోరు గదికి తరలించి, తాళం వేసి, నివేదిక పంపవలెను.’

భ్రమరాంబ గారు తన వీణని తానే మోసుకెళ్ళి స్టోరులో పెట్టారు. పెట్టి, దాని మీద పాత దుప్పటి కప్పారు. కృపానందం గారు తన పాత గిటారు దాని పక్కనే ఆనించారు.

“పైనుంచి వచ్చింది కదండీ, ఏం చేస్తాం,” అన్నారావిడ. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాతి మెమో ప్రాణాల గురించి. ఐదు ప్రాణాలూ పోగొట్టుకున్న బోధకులు మళ్ళీ బతికేదాకా జీతం తీసుకుంటున్నారని ఎవరో ఆడిటర్ కనిపెట్టాడు. ‘మరణించి యున్న కాలమును విధి నిర్వహణగా పరిగణించరాదు. సదరు కాలమునకు ముందస్తు అనుమతితో సెలవు పెట్టుకొనవలెను’ అన్నారు. పొద్దున్నే వచ్చి, ‘ఈ రోజు పదకొండు గంటలకు నేను మరణించబోవుచున్నాను గనుక’ అని మాస్టారు దరఖాస్తు రాసుకోవడం, భ్రమరాంబ గారు ‘అనుమతించడమైనది’ అని సంతకం చేయడం రివాజైపోయింది. మాస్టారి సెలవులన్నీ ఫిబ్రవరి పది నాటికి చావులకే ఖర్చయిపోయాయి.

నెలాఖరుకి త్రినాథమూర్తి గారు సమీక్షకి వచ్చారు. ఫోనులో జాబితా చూసుకుంటూ కూర్చున్నారు.

“గిటారు శాఖలో ప్రథమ స్థానంలో ఉన్న ఈ సింహాచలం గారు ఎవరు? నలభై ఆరవ లెవెలు! జిల్లాలోనే ఇట్టి ప్రతిభ లేదు.”

“ఆయన మా అటెండరండీ,” అన్నారు భ్రమరాంబ గారు.

“మరి ఈ కృపానందం? సున్నా కాయలు, నూట నలభై మరణాలు.”

“ఆయన గిటారు మాస్టారండీ. చాలా బాగా వాయిస్తారండీ.”

“వాయించుట వేరు, నేర్చి యుండుట వేరు,” అన్నారు డిప్యూటీ డైరెక్టర్ గారు ఓపిగ్గా. “నిబంధనలలో యోగ్యత అనగా లెవెలు. ప్రతిభను స్టూలు మీద కూర్చోబెట్టి, అప్రతిభకు కుర్చీ వేయుట న్యాయమా? తాత్కాలిక సర్దుబాటు కింద సింహాచలం గారు గిటారు బోధన చూస్తారు. ముప్ఫై ఒకటవ తేదీ వరకు కృపానందం గారు వారి విధులు చూస్తారు.”

సింహాచలం ఆ సాయంత్రం తాళంచెవుల గుత్తి పట్టుకుని మాస్టారి దగ్గరికొచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు.

“నానేటి అడగనేదు మాస్టారూ. ఏదో కాలచ్చేపానికి ఆడినాను. మీ కుర్చీ మీద కూకోమంటే నాకు సిగ్గేసి సచ్చిపోతన్నాను.”

“చచ్చిపోకు, సెలవు పెట్టాల్సొస్తుంది,” అన్నారు మాస్టారు. గుత్తి అందుకున్నారు. అందులో స్టోరు గది తాళంచెవి ఉందని ఆయనకి తెలుసు. లోపల తన గిటారు ఉంది. దాని మీద దుమ్మయినా దులుపుకోవచ్చు.

పదకొండు మంది విద్యార్థులూ సింహాచలం ముందు వరసగా కూర్చుని ఫోనుల్లో కాయలు కోస్తుంటే, మాస్టారు వరండాలో స్టూలు మీద కూర్చుని గంట కొట్టేవారు. గంట మాత్రం కళాశాల చరిత్రలో అంత తాళబద్ధంగా ఎప్పుడూ మోగలేదు.

మార్చి మొదట్లో అన్నిటికంటే గొప్ప మెమో వచ్చింది. పాశ్చాత్య సంగీతంలో ఒక పాట ఏ శ్రుతి మీద నడుస్తుందో దాన్ని ‘కీ’ అంటారు. అలాంటివి మేజర్‌లో పన్నెండు, మైనర్‌లో పన్నెండు. అనువాద సంఘం వారు దీనికి నిఘంటువు కూడా తెరవలేదు, వాళ్ళ జేబుల్లోనే ఉంది. ‘ప్రతి కళాశాల యందు పన్నెండు మేజరు తాళంచెవులు, పన్నెండు మైనరు తాళంచెవులు, వెరసి ఇరవై నాలుగు తాళంచెవులు విద్యార్థులకు అందుబాటులో ఉన్నవని ప్రిన్సిపాలు ధ్రువీకరించవలెను. తనిఖీ చేయబడును.’

“శ్రుతి అని రాసి పంపేద్దామండీ,” అన్నారు మాస్టారు.

“నాకు తెలీదా కృపానందం గారూ! వీణ పట్టిన దాన్ని, శ్రుతంటే ఏమిటో నాకు తెలీదా? కానీ ఫారంలో తాళంచెవులు అనుంది, పక్కన సంఖ్య అనుంది. శ్రుతి అని రాస్తే తిప్పి పంపుతారు. మనకెన్ని తాళాలున్నాయి?”

“తొమ్మిదండి.”

ఇంకో పదిహేను తాళాలు తెప్పించారు. బీరువాలకి వేశారు, కిటికీలకి వేశారు, మంచినీళ్ళ డ్రమ్ముకి వేశారు, నోటీసు బోర్డుకి వేశారు. అప్పటికీ ఒకటి మిగిలితే గేటు దగ్గరి పూలకుండీకి గొలుసు కట్టి వేశారు. ప్రతి తాళంచెవికీ ఒక అట్టముక్క కట్టి పేరు రాయాలి. ఆ పని మాస్టారికి పడింది. ఎలాగూ రాస్తున్నాం కదా, సవ్యంగానే రాద్దామనుకున్నారాయన. ప్రిన్సిపాల్ గదికి సి మేజరు ఇచ్చారు. స్టాఫు మరుగుదొడ్డికి బి ఫ్లాట్ మైనరు ఇచ్చారు. సంఘం వారు, స్వరం అరమెట్టు దిగిందని చెప్పే ఫ్లాట్‌ని ‘చదును’ అన్నారు కాబట్టి అట్టముక్క మీద ‘బి చదును మైనరు’ అని రాశారు. స్టోరు గదికి ఏమివ్వాలో ఆయన ఆలోచించుకోనక్కర్లేకపోయింది. గిటారు మీద ఇ మైనరు పట్టడానికి రెండు వేళ్ళు చాలు. కొత్తగా వచ్చిన వాళ్ళందరికీ మొదట నేర్పేది అదే. ‘ఇ మైనరు’ అని గుండ్రంగా రాసి కట్టారు.

తనిఖీ అధికారి ఇరవై నాలుగూ లెక్కపెట్టుకుని, “మీ కళాశాలలో సంగీత శాస్త్ర పరిజ్ఞానం సంతృప్తికరంగా ఉంది,” అని రాసి, బి చదును మైనరు ఎటువైపని అడిగి వెళ్ళాడు.

మార్చి ఇరవై ఎనిమిదిన వార్షికోత్సవం. ముఖ్య అతిథి కమిషనర్ గారు. తెల్లని చేనేత చీరలో, చిరునవ్వుతో, ముందు వరసలో కూర్చున్నారు. పక్కన త్రినాథమూర్తి గారు. వేదిక మీద అన్ని శాఖల నుంచీ కలిపి నలభై మంది విద్యార్థులు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు, నడుమ గురుస్థానంలో సింహాచలం. వెనక పెద్ద తెర మీద మామిడిచెట్టు. కచేరీ మొదలైంది. నూట అరవై వేళ్ళు గాజు మీద తడుతుంటే పక్క వీధిలో చినుకులు పడుతున్నట్టుంది, అంతకు మించి ఒక్క శబ్దం లేదు. తెర మీద అంకెలు పెరుగుతున్నాయి. జనం ఎక్కడ తల ఊపాలో తెలియక అంకె వెయ్యి దాటినప్పుడల్లా ఊపుతున్నారు. “నిశ్శబ్దంలో ఇంత సంగీతముందని నాకు తెలియదు,” అన్నారు కమిషనర్ గారు. త్రినాథమూర్తి గారు వినయంగా వంగారు.

సరిగ్గా అప్పుడు నెట్‌వర్కు పోయింది. కాయలన్నీ గాల్లో ఆగిపోయాయి. కోతి సగం నవ్వులో ఆగిపోయింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. జనం కుర్చీల్లో కదులుతున్నారు.

“పోనీ, ఈలోగా గురువుగారు ఏదైనా వాయిస్తారా?” అన్నారు కమిషనర్ గారు సరదాగా.

త్రినాథమూర్తి గారు సింహాచలం వైపు సైగ చేశారు. సింహాచలం లేచి నిలబడ్డాడు. అతని చొక్కా చెమటతో తడిసిపోయింది.

“అమ్మా, నాకు కాయలు కొయ్యడవే తెలుసమ్మా. వాయించడం ఆ మాస్టారికొచ్చు,” అని వెనక తలుపు దగ్గర తాళంచెవుల గుత్తితో నిలబడ్డ కృపానందం గారిని చూపించాడు. అతనికి అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు.

మాస్టారు ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగలేదు. వెళ్ళి ఇ మైనరు తీశారు. తలుపు కిర్రుమంది. గిటారు తెచ్చుకుని, స్టూలు మీదే కూర్చుని, శ్రుతి సరిచూసుకున్నారు. చిన్నప్పుడు చర్చిలో బొబ్బలెక్కిన వేళ్ళతో నేర్చుకున్న ఒక పాత వరస ఎత్తుకున్నారు. దాదాపు రెండు నెలలుగా తీగ తగలని ఆ వేళ్ళు ఆకలి మీద ఉన్నాయి. వేదిక మీద విద్యార్థులు ఒక్కొక్కరే హెడ్‌ఫోన్లు తీసేశారు. సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భ్రమరాంబ గారు ఒళ్ళో తెలియకుండానే తాళం వేస్తున్నారు. మాస్టారికి మార్చి ముప్ఫై ఒకటి గుర్తులేదు, కోతి గుర్తులేదు. ఎంత సంతోషంగా ఉందో చెప్పమంటే ఆయన చెప్పలేకపోయేవారు.

వరస పూర్తయ్యింది. హాలు కిక్కురుమనలేదు. ఆ నిశ్శబ్దంలో నెట్‌వర్కు తిరిగొచ్చి, త్రినాథమూర్తి గారి జేబులోంచి తియ్యటి గొంతు వినిపించింది. “మీ చుట్టుపక్కల చప్పుడు ఎక్కువగా ఉంది.”

కమిషనర్ గారు కళ్ళు తుడుచుకుంటూ లేచారు. “అద్భుతంగా వాయించారు. మీది ఎన్నో లెవెలు?”

“లెవెలు లేదండి. సున్నా కాయలండి.”

ఆవిడ నిజంగానే బాధపడ్డారు. “అయ్యో! వాయించడమే ఇంత బాగా వచ్చినవారు, కాస్త శ్రద్ధపెట్టి గిటారు కూడా నేర్చుకుని ఉంటే ఎంత పైకొచ్చేవారండీ!”

ముప్ఫై ఒకటిన ఉత్తర్వు వచ్చింది. ‘శ్రీ కృపానందం ఇరవయ్యవ లెవెలు పూర్తి చేయనందున గిటారు బోధకునిగా వారి కాంట్రాక్టు పొడిగించబడలేదు. అయితే, క్లిష్ట సమయమున సరియైన తాళంచెవిని గుర్తించి సకాలములో తీసిన వారి నైపుణ్యమును గౌరవ కమిషనర్ గారు ప్రత్యేకముగా ప్రశంసించినందున, వారిని తాళంచెవుల సంరక్షకునిగా నియమించడమైనది. విద్యార్థులు కోరిన తాళంచెవిని రిజిస్టరులో సంతకం తీసుకొని ఇవ్వవలెను.’

మాస్టారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. పందొమ్మిదేళ్ళ మాస్టరీ పోయి గుత్తి మిగిలింది. ఇంటికెళ్ళి భార్యతో ఏమని చెప్పాలా అని స్టూలు మీద కూర్చుని ఆలోచిస్తుంటే ఎదురుగా సుగుణ వచ్చి నిలబడింది. చేతిలో ఆ కాగితం నకలుంది.

“మాస్టారూ, ఇ మైనరు తాళంచెవి కావాలండి.”

“ఎందుకమ్మా?”

“కోరితే ఇవ్వాలని రాసుంది కదండీ. సంతకం ఎక్కడ పెట్టాలి?”

మాస్టారు ఆవిణ్ణి చూశారు. రిజిస్టరు చూశారు. మెల్లిగా రిజిస్టరు తెరిచి గళ్ళు గీశారు. పేరు, తాళంచెవి, అవసరం. అవసరం అన్నచోట ఆవిడ ‘ఇ మైనరు అభ్యాసం’ అని రాసింది. అక్షరం అబద్ధం లేదు.

స్టోరు గది కళాశాల వెనక భాగంలో ఉంది. తలుపు కింద పాత దుప్పటి మడిచి పెడితే చప్పుడు ఫోనుల దాకా రాదు. ఏప్రిల్ నెలలో పదకొండు మందీ వరసగా సంతకాలు పెట్టారు. మే నెలలో వీణ వాళ్ళు పెట్టారు, వయొలిన్ వాళ్ళు పెట్టారు. ఒక సాయంత్రం స్వయంగా భ్రమరాంబ గారు వచ్చి, అటూ ఇటూ చూసి, సంతకం పెట్టి, లోపలికి వెళ్ళి గంట సేపు బయటికి రాలేదు. నెలవారీ నివేదికలు చూసిన త్రినాథమూర్తి గారు ‘తాళంచెవుల వినియోగములో మీ కళాశాల ప్రథమ స్థానమున నిలిచినది’ అని ప్రశంసా పత్రం పంపించారు. దాన్ని చట్రం కట్టించి స్టోరు గదిలో తగిలించారు.

సింహాచలం ఒక మధ్యాహ్నం వచ్చాడు. అప్పటికి అతనిది డెబ్భై రెండో లెవెలు.

“నాక్కూడా ఇయ్యండి మాస్టారూ ఇ మైనరు. ఇన్ని లచ్చల కాయలు కోసినాను, ఒక్క పాట రాదు. మా ఆడది వాయించి ఇనిపించమంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం నేదు.”

మాస్టారు అతని చూపుడు వేలినీ నడిమి వేలినీ పట్టుకుని తీగల మీద పెట్టారు. నొక్కమన్నారు. సింహాచలం నొక్కి, “అమ్మో” అని చెయ్యి లాగేసుకున్నాడు. మళ్ళీ పెట్టమన్నారు. రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. వేళ్ళు బొబ్బలెక్కాయి, చితికాయి, మళ్ళీ బొబ్బలెక్కాయి. రెండు వేళ్ళ పాఠం నాలుగు వేళ్ళదాకా వచ్చింది. మానెయ్యమని మాస్టారు అనలేదు, మానేస్తానని అతనూ అనలేదు.

ఆగస్టులో ఒక రోజు సింహాచలం పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఫోను, మొహంలో కంగారు.

“మాస్టారూ, పొద్దుట్నించీ ఐదు పేణాలూ మూడుసార్లు పోయినాయి. కాయ అలా రాల్తంటాది, నాను తడతంటాను, అది ఆగదు. ఫోను నన్ను గుర్తుపట్టడం మానేసినాది. తుడిసినాను, కొత్త గాజు ఏయించినాను. రేపు డైరెక్టరుగోరు సూత్తే నా గురుత్వం గోవిందా.”

కృపానందం గారు స్టూలు మీంచి లేచారు. అతని ఎడమచెయ్యి అందుకుని, వెలుగులోకి తిప్పి, ఒక్కో వేలికొసనీ తన బొటనవేలితో నొక్కి చూశారు. గట్టిగా ఉన్నాయి. ఆయన తన ఎడమచేతిని జేబులోంచి తీసి అతని చేతి పక్కన పెట్టారు.

“ఎన్ని కాయలు సింహాచలం?” అన్నారు.

సింహాచలం తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. ఆయన వేళ్ళ వైపు చూశాడు. కంగారంతా పోయి, మొహం వెలిగిపోయింది.

“నాలుగండి,” అన్నాడు.